నిశ్శబ్దం, 9 పాయింట్లలో

నిన్న మా డిజైన్ కోర్సు జ్యూరీలో, అంటే పోస్టర్లు గోడకి తగిలించి పెట్టే పరీక్షలో, జరిగింది ఇవాళే రాసెయ్యాలి. ఇంకో రెండు రోజులైతే నాకే నవ్వొచ్చేస్తుంది, అప్పుడీ మంట ఉండదు.

ఈ సెమిస్టర్ టైపోగ్రఫీకి, అంటే అక్షరాల అమరిక సబ్జెక్టుకి, ఏ1 సైజులో ఒక తెలుగు పోస్టర్ చెయ్యాలి. అంశం "నిశ్శబ్దం". ఆరు వారాల గడువు. అందులో ఐదు వారాలు నేను ప్రేరణ వెతుకుతూ గడిపాను, ఎందుకంటే మా సారుకి ప్రేరణ అంటే ప్రాణం. ఏ స్కెచ్ పట్టుకెళ్లినా తల ఓ పక్కకి వాల్చి చూసి, "ఇందులో నువ్వు కనిపించట్లేదు. ఇంకా వెతుకు" అంటారు. ఎక్కడ వెతకాలో మాత్రం చెప్పరు.

మొదట బౌహౌస్ అనే పాత జర్మన్ డిజైన్ బడిలో వెతికాను. మా క్లాసు మొత్తం అప్పటికే అక్కడ ఉంది. ఆ బడి 1919లో తెరిచి 1933లో మూసేశారు, ఆ కాస్త కాలంలోనే మూడు ఊళ్లు మారింది, అయినా మావాళ్లు వెంటపడటం మానలేదు. గోడ నిండా పసుపు త్రిభుజాలు, ఎర్ర చతురస్రాలు, నీలం వృత్తాలు. ఏ ఆకారానికి ఏ రంగు నప్పుతుందో అక్కడ పాఠాలు చెప్పిన చిత్రకారుడు కాండిన్‌స్కీ ఎప్పుడో తేల్చేశాడు కదా. నలుగురిలా ఉండకూడదని నేను రంగులు అటూ ఇటూ చేసి పెట్టాను. సారు వచ్చి, "కాపీ కొట్టడం కూడా సరిగ్గా రాలేదు" అన్నారు. అంటే, సరిగ్గా కొట్టుంటే ఫర్వాలేదన్నమాట.

ఐడియా చివరి వారంలో వచ్చింది. వచ్చింది అని చెప్పుకుంటున్నాను గానీ, నిజానికి విసుగొచ్చి అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కాను. ఖాళీ పేజీ కనిపించింది. ఓహో, ఇదే కదా నిశ్శబ్దం! 594 మిల్లీమీటర్ల వెడల్పు, 841 ఎత్తు, అంతా తెలుపు. పైన ఎక్కడో సన్నగా శీర్షిక. కింద కుడిచేతి మూల మాత్రం రెండు చిన్న కాలమ్‌ల మ్యాటర్, 9 పాయింట్ అక్షరాల్లో, గుసగుసలాడినట్టు. పాయింటంటే అంగుళంలో 72వ వంతు. ఆ లెక్కన నా గుసగుస ఎత్తు అంగుళంలో ఎనిమిదో వంతు.

ఇక ఆ రెండు కాలమ్‌లలో ఏం పెట్టాలి? ప్రపంచంలో ఏ డిజైనరైనా మ్యాటర్ చేతికొచ్చేదాకా లోరెమ్ ఇప్సమ్ అనే ఉత్తుత్తి లాటిన్ మ్యాటర్ పోసి పెడతాడు. మా సారు ఒప్పుకోరు. "తెలుగు పోస్టర్‌లో లాటిన్ ఏమిటి? తెలుగే పొయ్యండి, అప్పుడే గ్రే తెలుస్తుంది" అంటారు. (గ్రే అంటే అక్షరాలన్నీ కలిసి దూరం నుంచి కనిపించే నలుపు.) ఆ మాట న్యాయమే, కాదనను. లాటిన్ అక్షరాలు బుద్ధిగా ఒక వరసలో నడుస్తాయి. మనవాటికి నెత్తిన తలకట్లు, గుడులు, కాళ్ల కింద వత్తులు. "రాష్ట్రం" అని రాస్తే ష కింద ట, దానితోపాటు ర, అంతా ఓ మేడ. సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పేర్చే కంపోజర్ సరైనది ఎంచుకోకపోతే ఆ మేడ కూలి, పొల్లులు పెట్టుకుని అక్షరాలన్నీ పక్కపక్కన నిలబడతాయి. కాబట్టి తెలుగే పొయ్యాలి. సరే, ఏ తెలుగు? "మీరే ఏదో ఒకటి రాసుకోండి." ఇవీ ఆయన మాటలే. ముప్పై మంది సాక్షులున్నారు.

లోరెమ్ ఇప్సమ్‌కి అర్థం లేదనుకుంటాం గానీ, అది రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 45లో రాసిన ఓ తత్వగ్రంథంలోని వాక్యాలని ముక్కలు చేస్తే వచ్చింది. అసలు మాట "డొలోరెమ్", అంటే నొప్పి. లాటిన్‌లో దాని మొదటి రెండక్షరాలు (do) ఊడిపోతే "లోరెమ్". నొప్పిని నొప్పి కాబట్టే కోరుకునేవాడు లోకంలో ఎవడూ లేడని ఆ వాక్యం భావం. పాపం, ఆయన డిజైన్ కోర్సులో చేరలేదు.

నాకు సిసెరో అంత తీరిక లేదు. రాత్రి రెండింటికి, కడుపులో ఉన్నదంతా కీబోర్డు మీద పోశాను:

"ఏం చూపినా సారుకి ఒకటే మాట, ఇంకా వెతుకు. వెతికి వెతికి చివరికి నేనే కనబడకుండా పోయాను. ఇందులో నువ్వు కనిపించట్లేదు అంటారు. నేనెందుకు కనిపించాలి, ఇది పోస్టరా పాస్‌పోర్ట్ ఫోటోనా? మొన్న బాగుందన్న స్కెచ్‌ని నిన్న ఎవరు చేశారని అడిగారు. ప్రేరణ ఎక్కడిది అని అడిగితే గడువు నుంచి అని చెప్పాలని ఉంది. చెప్పను. ఇదే నా నిశ్శబ్దం."

చివరి వాక్యం రాశాక నాకే ముచ్చటేసింది. అయితే ఇంతా కలిపి పావు కాలమ్ మాత్రమే నిండింది. కాపీ చేసి కింద అతికించాను. మళ్లీ అతికించాను. రెండు కాలమ్‌లు నిండేసరికి సారు మీద అదే ఫిర్యాదు ఎనిమిదిసార్లు, మంత్రజపంలా తయారైంది. రూమ్‌మేట్ చూసి పడీ పడీ నవ్వి, "మార్చకే, ఎవరు చదువుతారు?" అంది.

ఈ మాటలో నిజముంది. నాలుగు సెమిస్టర్లలో నా పోస్టర్ల కింద మ్యాటర్‌ని చదివిన మానవుడు లేడు. జ్యూరీ అంటే ఆరడుగుల దూరంలో నిలబడటం, కళ్లు సగం మూసి చూడటం, "గ్రే సమంగా వచ్చింది" లేదా "గ్రేలో చిల్లులున్నాయి" అని ముందుకి నడవటం. అక్షరాలన్నీ కలిసి ఎంత నలుపుగా కనిపిస్తున్నాయన్నదే లెక్క. వాళ్ల దృష్టిలో మ్యాటరంటే ఓ బూడిదరంగు చాప. చాప మీద ఏం రాసుందో ఎవరు చూస్తారు?

అయినా పొద్దున్నే మార్చేద్దామనే అనుకున్నాను. ప్రింటు సంగతి వేరే కథ, దాన్ని తలుచుకోను. మొత్తానికి పదకొండింటికి పోస్టర్ గోడ మీద ఉంది, చాప ఎనిమిది మంత్రాలతో సహా.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ పుస్తకాలు డిజైన్ చేస్తారట. ఆ మాట విన్నప్పుడే నా గుండెలో రాయి పడాల్సింది. పుస్తకాలవాళ్లతో ఇదే చిక్కు, అక్షరం కనిపిస్తే చదివేస్తారు.

ఆవిడ అందరిలాగే ఆరడుగుల దూరంలో ఆగారు. బాగుంది. కళ్లు సగం మూశారు. ఇంకా బాగుంది. తర్వాత కళ్లు తెరిచి గోడ దగ్గరికి నడిచి వచ్చి వంగారు.

ఇక్కడ ఒక సాంకేతిక వివరం చెప్పాలి. 841 మిల్లీమీటర్ల పోస్టర్‌ని శీర్షిక కంటికి ఎదురుగా వచ్చేలా తగిలిస్తే, కింది మూల సుమారుగా మోకాలికీ నడుముకీ మధ్యలో ఉంటుంది. నా గుసగుస అక్కడుంది. ఎవరూ చదవకుండా ఉండటానికి అంతకన్నా మంచి చోటు భూమ్మీద లేదు. ఆవిడ సగం వంగారు, నడుం పట్టుకున్నారు, ఇంకాస్త వంగారు, హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టి తడిమారు. నేను నాకు తెలిసిన దేవుళ్లందర్నీ వరసగా పిలిచాను. కళ్లజోడు లేదు! బ్యాగ్‌లో లేదు! ఆవిడ నిటారుగా లేచి నిలబడ్డారు. నేను ఊపిరి వదిలాను.

"కళ్లజోడు కార్లో మర్చిపోయాను. కాస్త నువ్వే చదివి వినిపించమ్మా" అన్నారు.

చదవాలట.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. మొదటి లైను నా ముఖంలోకి చూస్తోంది: "ఏం చూపినా సారుకి ఒకటే మాట." ఆ సారు నా వెనకాల నాలుగడుగుల దూరంలో, చేతులు కట్టుకుని, పాదాల బరువు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి మారుస్తూ నిలబడి ఉన్నారు. బూట్ల చప్పుడు వినిపిస్తోంది.

గొంతు సవరించుకుని, "నిశ్శబ్దం అంటే శబ్దం లేకపోవడం కాదు" అని మొదలుపెట్టాను. ఇలాంటి వాక్యం ఎవరికైనా వస్తుంది, అందుకే నాకూ వచ్చింది. చిక్కు రెండో వాక్యంతో. కాదు అన్నాక ఏది అవునో చెప్పాలి కదా. కళ్లేమో పాస్‌పోర్ట్ ఫోటో మీద ఉన్నాయి, నోరు దాని పాటికది బయల్దేరింది: "శబ్దం లేచి వెళ్లిపోయాక... కుర్చీలో మిగిలిన గుంట."

"ఆహా" అన్నారు మేడమ్.

ఆ ఆహా లేకపోతే బతికిపోయేదాన్ని. అక్కడితో చాలనేవారు. ఆహాతో నాకూ ఊపొచ్చింది. ఊపుతో పాటు బాధ్యత కూడా. చదువుతున్నట్టు కనిపించాలంటే కళ్లు ఎడమ నుంచి కుడికి కదలాలి, లైను చివర వెనక్కి రావాలి, మొదటి కాలమ్ అడుక్కి చేరాక రెండో కాలమ్ నెత్తికి ఎగరాలి. నా కాలమ్‌లు సన్నవి, లైనుకి నాలుగైదు మాటలే పడతాయి. నా నోట్లో వాక్యాలేమో అనంతం. దాంతో ఒక్క వాక్యానికి తల పదిసార్లు అటూ ఇటూ ఊపాల్సి వచ్చింది. వెనక నుంచి చూస్తే టేబుల్ ఫ్యాన్‌లా ఉన్నానని రూమ్‌మేట్ తర్వాత చెప్పింది. అది ఫైలుతో మొహం కప్పుకుని ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఏమేం అన్నానో అంతా గుర్తులేదు. తలుపు గొళ్లెం ఒకటి వచ్చింది. ఆగిపోయిన గడియారం వచ్చింది, అది ఎక్కడైనా వస్తుంది. "కాగితం తన తెలుపుని తానే వింటుంది" అని కూడా అన్నానట. నన్ను నేను క్షమించుకోలేను.

"ఆ కుర్చీ వాక్యం ఇంకోసారి చదువమ్మా" అన్నారు మేడమ్.

గోడ మీదున్నదైతే ఎన్నిసార్లైనా చదవొచ్చు. ఎనిమిదిసార్లు ఉంది కూడా. లేని వాక్యాన్ని రెండోసారి చదవడం ఎలా?

"శబ్దం లేచి వెళ్లాక కుర్చీలో మిగిలిన... వెచ్చదనం."

"ఇందాక గుంట అన్నావు కదూ?"

"అవునండీ. వెచ్చని గుంట."

"ఇంకా బాగుంది!" అంటూ ఆవిడ ఫోన్ తీసి, మళ్లీ నడుం పట్టుకుని వంగి, మూలకి ఫోటో తీసుకున్నారు. "ఇంటికెళ్లి పెద్దది చేసుకుని తీరిగ్గా చదువుకుంటాను."

ఆ ఫోన్లో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అన్ని అక్షరాలూ స్పష్టంగా వచ్చే ఉంటాయి, నేను నల్లసిరా ఒక్కటే వాడాను మరి.

మేడమ్ పక్క పోస్టర్‌కి వెళ్లారు. సారు వెళ్లలేదు. నా పక్కన గొంతుక్కూర్చున్నారు. ఆయనకి కళ్లజోడు ఉంది. ముక్కు మీదే ఉంది, ఎప్పుడూ ఉంటుంది. మొదటి పేరా చదివారు. రెండోది చదివారు. మూడోది అదేనని తెలిశాక కూడా ఆగలేదు, ఎనిమిదీ చదివారు. అలా చదివే మనిషి నా నాలుగు సెమిస్టర్ల పోస్టర్లలో ఒక్కదాన్నీ ఎందుకు చదవలేదో నాకు తెలియాలి.

చివరికి జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. నా బతుకు మీద అడ్డంగా గీత పడుతుందనుకున్నాను. నాలుగో లైనుకీ ఐదో లైనుకీ మధ్య చిన్న సున్నా చుట్టారు.

"లీడింగ్ ఆటోలో వదిలేశావా?" లీడింగంటే ఒక లైను నుంచి కింది లైనుకి ఉండే దూరం.

"అవును సార్."

"ఆటో అంటే 120 శాతం. 9 పాయింట్‌కి 10.8. లాటిన్‌కి సరిపోతుంది. మన వత్తులు కింది లైను గుడులకి తగులుతున్నాయి చూడు." ఇంకో మూడు సున్నాలు చుట్టారు. అన్నీ ఆయన గురించిన వాక్యాల మీదే. "సోమవారానికి సరిచేసి మళ్లీ ప్రింట్ తీసుకురా."

"సరే సార్."

లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"ఇంతకీ ఆ కుర్చీ వాక్యం ఏ లైనులో ఉంది? నాకు దొరకలేదు."

నేనేం మాట్లాడలేదు. ఆయన తల ఓ పక్కకి వాల్చి కాసేపు చూసి వెళ్లిపోయారు. "ఇంకా వెతుకు" అనలేదు. అనుంటే నయం.

ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మ్యాటర్ మార్చమని ఆయన అనలేదు, మార్చొద్దనీ అనలేదు. ఏడు కాపీలు తీసేసి, గొళ్లెం, గడియారం వగైరా గుర్తొచ్చినంత మేరకి రాసి నింపాను. అడుగున కుర్చీ వాక్యం పెట్టాను, వెచ్చని గుంటతో సహా. లీడింగ్ 15కి పెంచాను. వత్తులన్నీ హాయిగా కాళ్లు చాపుకున్నాయి గానీ, అడుగున మ్యాటర్ పెట్టె దాటిపోయి మూలన ఎర్ర ప్లస్ గుర్తు వెలిగింది. కనబడకుండా పోయింది కుర్చీయే. అది పట్టాలంటే పైన మూడు లైన్లు తగ్గించాలి. ఆ మొదటి రెండు వాక్యాలు తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. "ఏం చూపినా సారుకి ఒకటే మాట, ఇంకా వెతుకు. వెతికి వెతికి చివరికి నేనే కనబడకుండా పోయాను."

గంట నుంచి వాటినే చూస్తున్నాను. చెయ్యి రావట్లేదు. వాటిలో ఒక్క వత్తు కూడా లేదు.