ఆయమ్మ నోటుపుస్తకం ఏ చీటీలోనూ లేదు

చెన్నై వ్యాసర్‌పాడిలో పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే చిన్న సంస్థ ఒకటి ఉంది. ఆ వీధుల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. నిరుడు ఆ సంస్థకు ‘సామర్థ్యాల పెంపు’ శిక్షణ జరిగితే నేనూ వెళ్లి కూర్చున్నాను. మధ్యాహ్నానికల్లా గోడ నిండా పసుపు చీటీలు: డేటా లేదు, ప్రణాళిక లేదు, ఇంగ్లీషులో నివేదిక రాసేవారు లేరు.

వెనక వరుసలో ఆ సంస్థలో పనిచేసే ఆయా, అందరూ ఆయమ్మ అనే ఆవిడ ఒళ్లో అట్ట చిరిగిన నోటుపుస్తకం కనిపించింది. టీ తాగేటప్పుడు అడిగి తీసుకుని చూశాను. ఏ పిల్ల ఏ రోజు రాలేదు, ఎందుకు రాలేదు, ఆరేళ్ల లెక్క. ‘అమ్మకు రాత్రి డ్యూటీ, తమ్ముణ్ణి చూసుకుంటోంది.’ ‘తమిళం పరీక్షంటే భయం.’ 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు వినే పిల్ల ఎక్కడ తడబడుతుందో ఇంత వివరంగా చెప్పే కాగితం నేను మరొకటి చూడలేదు. గోడ మీద ‘డేటా లేదు’ చీటీ మాత్రం అలాగే ఉంది.

సంస్థలో ఏది బాగా నడిచిందో అడిగి అక్కడి నుంచి కదలాలని సంస్థల పనితీరుపై పరిశోధించిన కూపర్‌రైడర్, సురేశ్ శ్రీవాస్తవ 1987లో రాశారు. పేటలో కొరతలకన్నా ముందు అక్కడివాళ్ల చేతిలో ఉన్న పనులు, నేర్పులు లెక్కించమని పేటల అభివృద్ధిపై పనిచేసిన అమెరికన్ పరిశోధకులు క్రెట్జ్‌మన్, మెక్‌నైట్ 1993లో చెప్పారు. ఆ మాటకొస్తే ఈ ఊళ్లోనే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి చేసిందీ అదే. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష తాను ప్రైవేటుగా కట్టి గట్టెక్కారు. తెలుగు ఆడపిల్లలను ఆ పరీక్షకే కూర్చోబెట్టారు.

అయితే ఈ పద్ధతిని దాతలు మరీ ముచ్చటపడి మెచ్చుకుంటుంటే నాకు అనుమానమే. ‘మీ బలం మీలోనే ఉంది’ అనేసి అకౌంటెంటు జీతం ఎగ్గొట్టడం సులువు. విదేశీ విరాళాల చట్టం 2020 సవరణతో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి పడిపోయింది. కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చుకు సంబంధించిన సీఎస్‌ఆర్ నిబంధనల్లోని 5 శాతం హద్దు కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుకు పెట్టింది. దాన్ని తీసుకొచ్చి సంస్థల నెత్తిన రుద్దేవాళ్లూ ఉన్నారు. నోటుపుస్తకం ఎంత గొప్పదైనా ఆడిటరు ఫీజు కట్టదు కదా. బలాన్ని గుర్తించినవాడు దాని ఖర్చూ భరించాలి.

తర్వాత ఆ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. గైర్హాజరుకు ఆరు కారణాలు, ఆరు అంకెలు. తమ్ముణ్ణి చూసుకునే పిల్ల ‘ఇతరములు’లో పడింది. ఆయమ్మ తెరవైపు కాసేపు చూసి, “ఇందులో ఏ పిల్ల ఇంటికి వెళ్లాలో ఎలా తెలుస్తుంది సార్?” అంది. మర్నాటికి కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది, తన డబ్బుతోనే.