బడి పుట్టింది ఫ్యాక్టరీ కోసమేనా?

"ఇప్పటి బడిని ప్రష్యా వాళ్లు ఫ్యాక్టరీ కూలీల తయారీకి కనిపెట్టారు. నూట యాభై ఏళ్లుగా అది మారలేదు. టీచర్లు చెప్పడం ఆపి, పిల్లల్నే కనుక్కోనిస్తే బాగుపడుతుంది." తెగ షేర్ అవుతున్న మాట ఇది. (ప్రష్యా అంటే ఒకప్పటి జర్మన్ రాజ్యం.) ఈ మాట చరిత్రను తప్పుగా చెబుతోంది, అది వదిలేయొచ్చు. కానీ ఆ తప్పు మీద కట్టిన సలహా పిల్లల చదువుకే ఎసరు పెడుతుంది, దాన్ని వదలకూడదు.

ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ గ్రామీణ బడుల శాసనం తెచ్చింది 1763లో. మతబోధ, చదవడం, రాయడం దాని గురి. అక్కడ పెద్ద పరిశ్రమలు లేచింది ఆ తర్వాతి శతాబ్దంలో. 1843లో అమెరికా నుంచి వెళ్లి ప్రష్యా, మరో జర్మన్ రాజ్యమైన సాక్సనీ బడులు చూసిన విద్యా సంస్కర్త హొరేస్ మాన్, అక్కడి టీచర్లు చేతిలో పుస్తకం లేకుండా, నిలబడి పాఠం నడపడం చూశానని, దెబ్బ తిని ఏడ్చే పిల్లవాడు ఒక్కడూ కనబడలేదని రాశాడు.

ఫ్యాక్టరీ పోలిక గాలిలోంచి ఊడిపడలేదు, నిజమే. బడిని ఫ్యాక్టరీతో, పిల్లల్ని ముడిసరుకుతో పోల్చింది 1916లో అమెరికా విద్యావేత్త కబర్లీ. అయితే ఆయన అప్పటి సంస్కర్త. పాత బడిని మార్చడానికే ఆ మాటన్నాడు.

ఇక "మారలేదు" అన్నది. 1918 ఒక్క ఏడాదే తీసుకోండి. అమెరికా విద్యావేత్తలు ఇద్దరు రెండు వేర్వేరు దారులు చూపారు. పెద్దలు చేసే పనుల జాబితా రాసి, అందులోంచి పాఠ్యలక్ష్యాలు తీయాలన్నాడు బాబిట్. పిల్లవాడు మనసు పెట్టి చేసే పనే చదువు కావాలని ప్రాజెక్టు పద్ధతి ముందుకు తెచ్చాడు కిల్‌పాట్రిక్. ఇప్పటి బడిలో రెండూ ఉన్నాయి: సిలబస్ మొదటి పేజీలోని లక్ష్యాల పట్టిక బాబిట్ దారి, ప్రాజెక్టు మార్కులు కిల్‌పాట్రిక్ దారి. ఒకదాని కొలబద్దతో రెండోదాన్ని కొలవడంతోనే తంటా వస్తోంది.

అసలు చిక్కు మూడో మాటతో, అంటే చెప్పడం ఆపి పిల్లల్నే కనుక్కోనివ్వాలన్నదానితో. 2004లో క్లార్, నిగమ్ అనే పరిశోధకులు 3, 4 తరగతుల పిల్లలకు వాలుబల్లలు, బంతులు ఇచ్చారు. వాలు, ఉపరితలం, బంతి వదిలే చోటు, బంతి రకం మార్చుకోవచ్చు. బంతి దూరం పోవడానికి కారణం తేలాలంటే ఒక్కటే మార్చి, మిగతా మూడూ అలాగే ఉంచాలి. మంచి పోలికా చెడ్డ పోలికా పక్కపక్కన చూపి, ఎందుకో వివరించిన గుంపులో 77 శాతం మందికి ఇది పట్టుబడింది. సొంతంగా కనుక్కోమన్న గుంపులో 23 శాతానికే. వాలూ బంతీ ఒకేసారి మార్చినా బంతి దొర్లుతుంది, ఏదో ఒక ఫలితం కనబడుతుంది. పొరపాటు జరిగిందని చెప్పేవాళ్లే ఉండరు.

అలాగని ఏడాదంతా బోర్డు మీద చెబుతూ పోమని కాదు. కొత్త రకం లెక్కయితే మొదటి రెండూ పూర్తిగా చేసి చూపాలి. మూడోదాంట్లో చివరి మెట్టు, నాలుగోదాంట్లో చివరి రెండు మెట్లు ఖాళీగా వదలాలి. ఐదోది పిల్లలదే. ఈ ఊతం తొందరపడి తీస్తే పిల్లలు ఊహించి రాస్తారు. పట్టు దొరికాక కూడా తీయకపోతే, చేతికొచ్చిన పిల్లలకు ఆ మెట్లే అడ్డమవుతాయి.

సంస్కరణ ఎక్కువగా చతికిలబడేది ప్రశ్నపత్రం దగ్గరే. తరగతిలో ప్రయోగాలు, పరీక్షలో నిర్వచనాలు అయితే రెండో నెలకల్లా టీచరు నిర్వచనాలకే తిరిగొస్తాడు, ఆయన్ని తప్పుపట్టలేం. వాలూ బంతీ రెండూ వేరుగా ఉన్న బొమ్మ ఇచ్చి, "ఈ పోలికతో కారణం ఎందుకు తేలదు?" అనే ప్రశ్న పేపర్లో పెట్టండి. వాలుబల్ల తరగతిలోకి రాక తప్పదు.