గ్రూషీ వేషం

ఆదివారం జరిగిన పరాభవం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో మేముండే ఊళ్ళో నెలకోసారి చర్చి హాల్లో బల్లలు కలిపి, పచ్చగుడ్డ పరిచి, వేలెడైనా లేని సైనికుల బొమ్మలతో పాత యుద్ధాలు మళ్ళీ ఆడతారు. ఆఫీసులో ఒకాయన రమ్మన్నాడు. ఈసారి నెపోలియన్ ఆఖరిసారి ఓడిపోయిన వాటర్లూ, 1815 జూన్ 18. వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని చదివాను. నెపోలియన్ వేషం ఇవ్వకపోయినా, ఒక గుర్రపుదళమైనా ఇవ్వకపోతారా అనుకున్నాను.

అంపైర్ గారు రిటైరైన పెద్దమనిషి. నా చేతిలో చీటీ పెట్టారు. "గ్రూషీ."

గ్రూషీ అంటే వాటర్లూలో లేని నెపోలియన్ మార్షల్. రెండు రోజుల ముందు లిన్యీలో ఓడిన ప్రష్యన్లను తరమమని నెపోలియన్ ఆయనకు సుమారు 33,000 మందినిచ్చి పంపాడు. ఆయన వావ్ర్ అనే ఊరి దగ్గర ప్రష్యన్ సైన్యం తోకతో కుస్తీ పడుతుంటే, దాని తల వెళ్ళి వాటర్లూలో తేలింది.

అందుకని నేను హాల్లో ఉండకూడదట. వంటింట్లో కూర్చోవాలట. ఒక మ్యాపు, నాలుగు ఖాళీ చీటీలు ఇచ్చారు. ఏం చెయ్యాలన్నా చీటీ రాయాలి, ఆయనొచ్చి పట్టుకెళ్ళాలి, కబురు మోసే గుర్రం ఎప్పుడు చేరుతుందో డైస్ వేసి ఆయనే తేల్చాలి. గోడ అవతల ధడధడ వినిపిస్తే, "ఫిరంగులు మోగుతున్నాయి, అటే బయల్దేరుతున్నాను" అని గంభీరంగా రాసిచ్చాను.

"అవి ఫిరంగులు కావు, కుర్చీలు" అని చీటీ వెనక్కిచ్చేశారు.

గంటన్నర గడిచింది. పొద్దున టెన్షన్‌లో ఉప్మా కూడా తినకుండా వచ్చాను. ఫ్రిజ్ తెరిస్తే నిండుగా ఒక గిన్నెడు స్ట్రాబెర్రీలు.

ఇక్కడ నా తరఫున ఒక మాట. మన హైదరాబాద్‌లో డబ్బాల్లో అమ్మేవి పైన ఎరుపు, కింద తెలుపు, నోట్లో పెడితే చింతకాయకి చుట్టాలు. జూన్‌లో ఇంగ్లండ్ స్ట్రాబెర్రీ అలా కాదు, ఫ్రిజ్ తలుపు తియ్యగానే వంటిల్లంతా వాసన. ఒకటి తీస్తే ఎవరికీ తెలియదు. ఆ గుంట కనబడకుండా సర్దుతుంటే రెండోది చేతికొచ్చింది. మూడోదాన్నుంచి లెక్కలేదు. తొడిమలు పారేసే చోటు తెలియక మ్యాపు మీదే వావ్ర్ దగ్గర వరసగా పేర్చాను. ఎందుకో నాలుగేసి చొప్పున పేర్చాను. చూడటానికి పచ్చ యూనిఫారం పటాలంలా బాగానే ఉంది కూడా.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. కొలత టేపులు పట్టుకుని ఆరుగురు. నా బుగ్గలో ఒక పండు, చేతిలో ఇంకోటి, గడ్డం మీద ఎర్రటి రసం.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు!

అసలు సంగతేమిటంటే, ఆ రోజు ఫిరంగుల మోత వినబడేసరికి గ్రూషీ వాలెన్ అనే ఊళ్ళో ఒక నోటరీ ఇంట్లో స్ట్రాబెర్రీలు తింటున్నాడని ఒక కథ ఉందట. అటు వెళదామని ఆయన కింది సేనాని జెరార్ ఎంత మొత్తుకున్నా ఆయన కదల్లేదు. నేను కావాలనే నటించానని వీళ్ళు మురిసిపోయారు. ఒకాయనైతే టోపీ తీశాడు. వారం రోజుల చదువులో గ్రూషీ పేజీలు తిప్పేసిన నేను, నోట్లో పండు మింగి, అంతా తెలిసినట్టు వంగి నమస్కారం పెట్టాను.

వెనకాలే అంపైర్ గారి భార్య వచ్చింది, గిలక్కొట్టిన క్రీమ్ గిన్నెతో. అందరికీ టీతోపాటు పెట్టాల్సిన పళ్ళట అవి.

కప్పులన్నీ నేనే కడిగాను. అప్పుడు అంపైర్ గారు జేబులోంచి ఒక చీటీ తీసిచ్చారు. నెపోలియన్ మూడో టర్నులో రాసింది: "వెంటనే రా." డైస్‌లో ఒకటి పడి కబురు ఆలస్యమైందట. అసలు నెపోలియన్ మధ్యాహ్నం 1 గంటకు రాయించిన ఉత్తరం కూడా గ్రూషీకి సాయంత్రానికిగానీ అందలేదు కదా, అచ్చం చరిత్రలాగే జరిగిందని ఆయన సంబరం.

హాలుకీ వంటింటికీ మధ్య పది అడుగులు. పైగా ఆ డైస్ వెయ్యడం చూసినవాళ్ళు ఎవరూ లేరు, నేను అందరినీ అడిగాను.