పొద్దున్న షుగర్ పెరిగితే "రాత్రి ఏం తిన్నావ్" అని అడగడం ఇక ఆపండి

ఇప్పుడే మా మేనత్త వెళ్ళింది, ఒళ్ళు మండిపోతోంది. ఎంవీపీ రైతు బజారుకని వచ్చి, కూరల సంచీతో అట్నుంచి అటే మా ఇంటికొచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ వేలు గుచ్చుకుని స్ట్రిప్‌కి రక్తం చుక్క అంటించింది. 171. ఈవిడ కళ్ళజోడు సర్దుకుని మరీ మీటర్లోకి తొంగి చూసి "ఏటి వదినా, రాత్రి మళ్ళీ ఏటి లాగించేవ్?" అంది. అమ్మ తిన్నది రెండు పుల్కాలు, బీరకాయ కూర, వడ్డించింది నేనే. అయినా అమ్మ దొరికిపోయిన దొంగలా తల దించుకుని "ఏం తినలేదమ్మా, ఒట్టు" అంటోంది. 62 ఏళ్ళ మనిషి ఒట్టు ఎందుకు పెట్టుకోవాలండీ?

తెల్లవారుజామున మూడు నుంచి ఎనిమిది లోపు ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి, మనం లేచి తిరగడానికి కావాలని లివర్ దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. ఇది అందరికీ జరిగేదే, మా అత్తకి కూడా. షుగర్ లేనివాళ్ళకి ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది, ఉన్నవాళ్ళకి సర్దలేకపోతుంది. డాన్ ఫినామినన్ అంటారు. డాక్టర్ చెప్తే అలారం పెట్టుకుని లేచి మరీ చూశాం, పడుకునేముందు 128, మూడింటికి 124, ఆరున్నరకి 169. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. మరి ఆ పెరిగిందంతా ఎవరు తిన్నట్టు?

రాత్రి లేటుగా, ఎక్కువగా తింటే పొద్దున్న పెరగదని నేననట్లేదు. పెరుగుతుంది. నిద్ర చాలకపోయినా, జ్వరమొచ్చినా, మందు డోసు చాలకపోయినా పెరుగుతుంది. ఆ మీటర్ కూడా ల్యాబ్ రిపోర్టుతో పోలిస్తే 15 శాతం దాకా అటూ ఇటూ చూపించొచ్చు, పండు కోసిన చేతిని కడుక్కోకుండా గుచ్చుకుంటే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఇన్ని కారణాలుంటే మనవాళ్ళకి తెలిసింది ఒక్కటే, తిండి.

అసలు నా కోపం ఇవాల్టిది కాదు. గాజువాకలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళిలో, బంతిలో అందరూ చూస్తుండగా అమ్మ ఆకులోంచి మాడుగుల హల్వా ముక్క తీసేశారు ఒకావిడ, "నీకెందుకమ్మా ఇది" అంటూ. చిటికెడంత ముక్క. అమ్మ నవ్వేసి ఊరుకుంది, ఇంటికొచ్చాక నాతో కూడా మాట్లాడలేదు. ఆ తర్వాతే రాత్రిళ్ళు తినడం మానేసింది, పొద్దున్న నంబర్ తగ్గితే ఎవరూ ఏమీ అనరని. మాత్ర మాత్రం వేసేసుకునేది. అది గ్లిమిపిరైడ్, వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. ఓ రాత్రి చెమటలు కారిపోతూ, చేతులు వణుకుతూ, మాట తడబడుతూ నన్ను లేపింది. చూస్తే 58. గ్లూకోజ్ కలిపి తాగిస్తుంటే గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. 70 కంటే కిందకొస్తేనే ప్రమాదం, నిద్రలో ఇంకా పడిపోయి ఉంటే? ఆ హల్వా తీసేసినావిడ వచ్చి లేపేదా?

డాక్టర్ కూడా రాత్రి ఏం తిన్నారనే అడుగుతారు. కానీ ఆయన మందు సరిచేయడానికి అడుగుతారు, మనిషిని నిలబెట్టి కడిగేయడానికి కాదు. పొద్దున్న ఒక్క నంబర్ పట్టుకుని ఏదీ తేల్చరు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ చూస్తారు, మేం రాసుకున్న పుస్తకం తిరగేస్తారు.

మా ఇంటికి రండి, టీ తాగండి, ఎంతసేపైనా కూర్చోండి. అమ్మ మీటర్ వైపు మాత్రం చూడొద్దు. ఇది అత్తకి కూడా పంపుతున్నా, బాధపడితే పడనీ.