ఇంజన్ చెడేది వానలో కాదు, మూలన పెట్టినప్పుడు

పోయిన కార్తీకంలో వాయుగుండం వానలకు విడవలూరు వైపు మా కయ్యలు నారుమడితో సహా మునిగాయి. మొలక చల్లి నాలుగు రోజులే అయింది. నీళ్లు తోడడానికి రెండంగుళాల పెట్రోలు పంపు ఉంది కదా అని ధీమా. కొట్టంలోంచి తెచ్చి గట్టు మీద పెట్టి తాడు లాగడం మొదలుపెట్టాం. నేను ఇరవై సార్లు లాగాను, మా చిన్నాయన ఇంకో ఇరవై. ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంది, అంతే. అదే సాయంత్రం పక్క కయ్య ఆయన నెల్లూరెళ్లి కొత్త పంపు కొనుక్కొచ్చి, పొద్దుపోయేలోపు తన మడి ఖాళీ చేసుకున్నాడు. మేం మా పంపును బండి మీద వేసుకుని మెకానిక్ దగ్గరికి పోయాం. అక్కడ మాకంటే ముందు తొమ్మిది పంపులున్నాయి.

మా వంతు మూడో రోజుకు వచ్చింది. మెకానిక్ భాయ్, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ కింద గిన్నె విప్పి నా ముక్కు దగ్గర పెట్టాడు. పెట్రోలు వాసనే లేదు. పాత వార్నిష్ డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. అడుగున బెల్లం పాకం ముదిరినట్టు ఏదో పట్టుకుని ఉంది. "ఈ పెట్రోలు ఎప్పుడు పోసింది సామీ?" అన్నాడు. ఎడగారు పైరుకు పోసిందే, ఎండాకాలంలో. "ఇంజన్ చెడిపోలా. గొంతు పూడింది, అంతే" అని, వైరు లోపలి రాగి పోగు ఒకటి తీసి పెట్రోలు వచ్చే సన్నటి జెట్‌లో దూర్చాడు, గాలి కొట్టాడు, కొత్త ప్లగ్గు బిగించాడు. తాడు ఒక్కసారి లాగితే స్టార్టయింది. మూడొందలు తీసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మొలక కుళ్లిపోయింది. మళ్లీ విత్తనాలు కొని మళ్లీ నారు పోశాం.

అంటే పదిహేను వేలు పెట్టి కొత్తది కొన్న పక్క కయ్య ఆయనే తెలివైనవాడా? ఆ రోజుకు అవును. రిపేరా, కొత్తదా అని మనం వాదించుకునేటప్పుడు మెకానిక్ బిల్లును ఒక పక్క, కొత్త ఇంజన్ ధరను ఇంకో పక్క పెట్టి చూస్తాం. ఆ లెక్కలో మూడొందలే గెలుస్తుంది. కానీ ఇంజన్ ఆగిన మూడు రోజుల ఖర్చు ఆ తక్కెడలో ఎక్కడా ఉండదు. అదును మీద ఉన్నప్పుడు ఆ ఖర్చే అసలైనది, అందుకే జనం కొత్తది కొంటారు. వాళ్లను తప్పు పట్టలేం. రిపేరు చేయించాల్సిన నెల వేరే ఉంది, ఆ నెలలో ఇంజన్ గోనెసంచి కింద పడుకుని ఉంటుంది. పొరపాటంతా అక్కడ.

ఈ విషయంలో మన జిల్లాల్లో సముద్రం మీద బతికేవాళ్లు ముందున్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన అది. ఇంజన్ల కోసం పెట్టింది కాదు. కానీ జువ్వలదిన్నెలోనో కొత్తపట్నంలోనో ఆ రెండు నెలల్లో ఒడ్డున తిరిగి చూడండి. పడవలు ఇసుక మీద బోర్లా ఉంటాయి. ఇంజన్లు ఇంటి అరుగు మీదో టార్పాలిన్ కిందో విప్పి ఉంటాయి. ఉప్పుకు తెల్లగా పూసిన అల్యూమినియం భాగాలను గీకుతూ, నాజిల్ శుభ్రం చేయించుకుంటూ, నీళ్లలో తిరిగే ఫ్యాన్ కడ్డీకి గ్రీజు పెడుతూ కనిపిస్తారు. సముద్రంలో పది కిలోమీటర్ల లోపలికి పోయాక ఇంజన్ ఆగితే ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాక్కురావాలి. ఆ భయం ఒకటి. చేతిలో ఖాళీ, ఇంజన్‌కూ ఖాళీ, రెండూ ఒకేసారి దొరకడం ఇంకొకటి. వరి రైతుకు సర్కారు ఏ నిషేధమూ పెట్టలేదు కాబట్టి కోతలైన రోజు పంపు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతుంది.

పెట్రోలు పాతబడితే జరిగేది ఇది. అందులోని తేలికైన భాగం ఆవిరైపోతుంది, మిగిలింది గాలి తగిలి జిగురవుతుంది. కార్బొరేటర్ మెయిన్ జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఎంత జిగురు కావాలి అది పూడడానికి? పైగా 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజన్ పెట్రోలు లాగేది ఆ అడుగు నుంచే. రోజూ తిరిగే బైకుకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు, ట్యాంకు వారంలో ఖాళీ అవుతుంది. ఆరు నెలలు మూలన ఉండే పంపుకు, స్ప్రేయర్‌కు ఇది సమస్యే. మందు దీనికి చాలా చిన్నది. ఆఖరి తడి పెట్టాక ట్యాంకులో మిగిలింది తీసి బైకులో పోసుకోవాలి. పెట్రోలు కాక్ మూసేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా తిరగనివ్వాలి. గిన్నె కింది బోల్టు విప్పి మిగిలిన చుక్కలు కార్చేయాలి. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలకు బద్ధకించే నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను.

ఇంట్లో చేసుకోవాల్సిన రెండో పని ఆయిల్. బైకుకు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చాలని అందరికీ తెలుసు. పంపుకు కిలోమీటర్లుండవు, గంటలుంటాయి. ఈ సైజు నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు కంపెనీ పుస్తకాలు మామూలుగా చెప్పేది మొదటి 20 గంటలకు ఒకసారి, తర్వాత ప్రతి 100 గంటలకు ఒకసారి అని. వంద గంటలంటే చాలా కాలం అనిపిస్తుంది గానీ, రోజుకు పది గంటలు తిప్పితే పది రోజులే. బైకు లెక్కలో, గంటకు నలభై చొప్పున నాలుగు వేల కిలోమీటర్లు. మా ఊళ్లో మూడేళ్లుగా ఆయిల్ మార్చని పంపులున్నాయి, తగ్గినప్పుడల్లా పైన పోస్తారు. ఇందులో పట్టేది ముప్పాతిక లీటరు కూడా కాదు, ఆయిల్ ఫిల్టరూ ఉండదు, చాలావాటికి ఆయిల్ పంపూ ఉండదు. లోపల తిరిగే చిన్న గరిటె లాంటిది ఆయిల్‌ను చిమ్ముతుంటే భాగాలు తడుస్తాయి. అందుకే గట్టు మీద వాలుగా పెట్టి గంటల తరబడి నడిపితే చిమ్మాల్సిన చోట ఆయిల్ ఉండదు. చెక్కపలక ఒకటి కింద పెట్టి మట్టం చేయడానికి మెకానిక్ అక్కర్లేదు.

స్ప్రేయర్ల కథ వేరు. దర్శి, పొదిలి వైపు పొగాకుకూ మిర్చికీ భుజాన వేసుకుని మందు కొట్టేవి ఎక్కువగా రెండు స్ట్రోకులవి. వాటిలో ఆయిల్ పెట్రోలులోనే కలపాలి. 25కు 1 అని రాసి ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అయితే 20. జనం కలిపేది మందు సీసా మూతతో, అదీ చీకట్లో, తొందరలో. తక్కువైతే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ కమ్మి ప్లగ్గు నల్లబడుతుంది. మందుల షాపులో దొరికే ఇంజెక్షన్ సిరంజి ఒకటి పెట్రోలు డబ్బాకు రబ్బరుబ్యాండుతో కట్టి ఉంచుకుంటే ఈ గొడవ ఉండదు. అయితే ఒకసారి పట్టేసిందంటే మాత్రం నేను రిపేరు పక్షాన నిలబడను. పాత డీజిల్ ఇంజన్ల సిలిండర్ పోత ఇనుము, లేత్ మీద బోరు చేయించి కాస్త లావు పిస్టన్ వేస్తే మళ్లీ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ చిన్నవాటిలో చాలావాటికి అల్యూమినియం బోరు లోపల పల్చటి పూత. అది గీసుకుపోతే బోరు చేయడానికి ఏమీ ఉండదు. బ్లాకు, పిస్టన్ కలిపి కిట్టుగా మార్చాలి. కిట్టు దొరక్కపోతే, లేదా కిట్టు ధర కొత్త స్ప్రేయర్‌లో సగం దాటితే, పాతదాన్ని విప్పి దాని కార్బొరేటర్, కాయిల్, స్టార్టర్ దాచుకోవడమే మంచిది. కనెక్టింగ్ రాడ్ విరిగి కేసు పగిలిన ఏ ఇంజన్‌కైనా ఇదే దారి. చచ్చినదాన్ని బతికించాలనే పట్టుదల మన మెకానిక్కుల్లో ఎక్కువ. వాళ్ల నైపుణ్యం మీద గౌరవమే గానీ, ఆ పట్టుదలకు డబ్బు కట్టేది రైతు.

ఒక తప్పు నేను ఇంట్లోనే చేశాను, చెప్పేస్తాను. కార్బొరేటర్ విప్పడం నేర్చుకున్న ఉత్సాహంలో ఇంకో ఇంజన్‌కు వాల్వ్ గ్యాప్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) కూడా నేనే సరిచేద్దామని దిగాను. కొలిచే రేకులు లేకుండా, చేతి అందాజుతో. వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోయి, భాయ్ దగ్గర తిట్లతో పాటు డబ్బూ కట్టాను. శుభ్రం చేయడం, ఆయిల్, ప్లగ్గు, గాలి ఫిల్టర్ స్పాంజి కడగడం ఇంటి పని. కొలత అవసరమైన ఏ పనీ ఇంటి పని కాదు.

రొయ్యల చెరువుల దగ్గర, ఇంజన్ ఆగితే ఎంత నష్టమన్న ఈ లెక్క ఇంకా కరుగ్గా ఉంటుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ కూడా మొరాయిస్తే రొయ్యలు పైకి తేలి గట్టు వెంట చేరతాయి. పంట పోవడానికి ఒక్క రాత్రి చాలు. అందుకే చెరువు రైతుల్లో జాగ్రత్త ఉన్నవాళ్లు కరెంటు ఉన్నా వారానికోసారి జనరేటర్ వేసి, ఉత్తినే తిప్పకుండా, ఏరియేటర్ల లోడు పెట్టి కాసేపు నడుపుతారు. అక్కడే బ్యాటరీ దిగిందో, డీజిల్‌లో నీళ్లు చేరాయో తెలిసిపోతుంది. ఆ రైతే తన వరి పంపును మాత్రం గోనెసంచి కప్పి మర్చిపోతాడు.

ఇక సర్కారు సంగతి. 2014-15 నుంచి నడుస్తున్న యాంత్రీకరణ పథకం కింద కొత్త పరికరం కొంటే 40 నుంచి 50 శాతం దాకా సబ్సిడీ వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ యంత్రాలకూ, 15 హార్స్‌పవర్ లోపు స్థిర వేగపు డీజిల్ ఇంజన్లకూ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ రిజిస్టర్డ్ వర్క్‌షాపులో రిపేరు చేయిస్తే కూలి మీద 18 శాతం. కొనేవాడికి చేయూత, బాగుచేయించుకునేవాడికి పన్ను. 2022 డిసెంబరు 24న కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది, వ్యవసాయ పరికరాలను కూడా అందులో చేర్చింది. కంపెనీల సర్వీసు వివరాలు, విడిభాగాల సమాచారం ఒకచోట ఉండాలన్న ఆలోచన బాగుంది. మా ఊళ్లో సగం పంపుల మీద మాత్రం స్టిక్కర్ తప్ప కంపెనీయే లేదు. ఆ స్టిక్కర్ ఊడిపోయాక ఏ పోర్టల్‌లో వెతకాలి?

నన్నడిగితే సబ్సిడీలో చిన్న వాటా విడిభాగాలకు మళ్లించాలి. రబీ కోతలయ్యాక వేసవిలో రైతు సేవా కేంద్రం ముందు ఒక రోజు మెకానిక్‌ను కూర్చోబెట్టి ఊరి పంపులన్నీ తెప్పించాలి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు చదివిన పిల్లలు శ్రీసిటీ కంపెనీల వైపో కృష్ణపట్నం పోర్టు వైపో చూస్తున్నారు. భాయ్ దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. ఆయనకు అరవై దాటాయి. కార్తీకంలో తొమ్మిది పంపుల వెనక పదోవాడిగా నిలబడినప్పుడు ఈ విషయం ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ఈ మధ్య స్ప్రేయర్ కొనాల్సి వచ్చి కావలిలో ఒక షాపుకు వెళ్లాను. ధర అడగకముందే దీనికి డయాఫ్రమ్, రింగులు, స్టార్టర్ తాడు మీ దగ్గర ఉన్నాయా, రెండు సెట్లు ఇప్పుడే తీసుకుంటాను అన్నాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "కొనకముందే రిపేరు మాటేంది సామీ, అపశకునంగా" అన్నాడు. లోపల గోడౌన్‌లో వెతికించాడు, దొరకలేదు. తెప్పిస్తానన్నాడు. అవి వచ్చాక ఫోన్ చేయమని నంబరిచ్చి, ఖాళీ చేతులతో బస్సెక్కాను.