తప్పు రకం ఉత్తరం గారికి

మహారాజశ్రీ తప్పు రకం ఉత్తరం గారి దివ్య సముఖమునకు,

ముప్పై నాలుగేళ్లు తమరి కొలువులో చాకిరీ చేసి రిటైరైన ఒక గుమస్తా నమస్కరించి రాసుకొనునది. ఉభయకుశలోపరి. తమరి కుశలం అడగనక్కర్లేదు. మొన్ననే బ్యాంకు నుంచి నాలుగు పేజీలుగా మా ఇంటికి వేంచేశారు. ఒక్క ముక్క అర్థం కాక, పక్కింట్లో సీఏ చదువుతున్న కుర్రాణ్ణి పిలిచాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడో సంతకం పెట్టమంటున్నారు తాతగారూ" అన్నాడు. ఎక్కడో మాత్రం వాడికీ తేలలేదు.

ఇంతటి తమరికి ఆ పేరు పెట్టింది ఎవరో తెలుసా? ఐదేళ్లు కూడా నిండని ఓ పిల్లవాడు. ఇంగ్లండులో, 1892లో. పేరు జూలియన్ హక్స్‌లీ. అక్షరాలు కూడబలుక్కునే వయసులో చార్లెస్ కింగ్స్‌లీ రాసిన 'వాటర్ బేబీస్' వాడి చేతికొచ్చింది. నీళ్లలో బతికే పాపల కథ. అందులో లిన్లీ సాంబోర్న్ వేసిన ఒక బొమ్మ ఉంది. సీసాలో పెట్టిన నీటిపాపను ఇద్దరు పెద్దమనుషులు పరీక్షిస్తుంటారు. వాళ్లలో ఒకాయన వాడి సొంత తాత, థామస్ హెన్రీ హక్స్‌లీ!

ఇంట్లోనే సాక్షి ఉండగా ఊరంతా అడగడం ఎందుకని తాతకే ఉత్తరం రాశాడు. నీటిపాపను చూశావా? సీసాలో పెట్టావా? బయటికి రాగలనా అని అది ఆలోచించిందా? నాకు ఎప్పుడైనా చూపిస్తావా? రాయబోయే ముందు వాళ్లమ్మను ఒకటి అడిగి తెలుసుకున్నాడు. తాత నుంచి తనంతట తాను చదువుకోగల సరైన ఉత్తరం వస్తుందా, లేక ఇంకెవరో చదివి వినిపించాల్సిన తప్పు రకం ఉత్తరం వస్తుందా అని. ఈ ముచ్చట వాడి తండ్రి లెనర్డ్ 1900లో అచ్చువేసిన తాతగారి జీవిత చరిత్రలో ఉంది. తమరి నామకరణానికి అంతకన్నా పెద్ద దాఖలా నేను చూపలేను.

ఆ తాత సామాన్యుడు కాదు. డార్విన్ పక్షాన బిషప్పుతో వాదానికి దిగిన శాస్త్రవేత్త. 66 ఏళ్లు వచ్చి ఈస్ట్‌బోర్న్‌లో విశ్రాంతిగా ఉన్నాడు. తలచుకుంటే తమరిని పది పేజీల మేర పంపగలడు. జలచరాల లక్షణాలు, వర్గీకరణ, నడుమ రెండు లాటిన్ ముక్కలు, చివర "శ్రద్ధగా చదువుకొనవలెను". మనవడు నోరెళ్లబెట్టేవాడు, తల్లి మెచ్చుకునేది, తమరు మీసం దువ్వుకునేవారు.

ఆయన ఏం చేశాడో తెలుసా? మార్చి 24న గొలుసుకట్టు రాత పక్కన పెట్టి, అచ్చుపుస్తకంలోలాగా ఒక్కో అక్షరం విడివిడిగా దిద్దాడు. బడి మొహం తాను చూసింది రెండేళ్లే, ఎనిమిదో ఏట నుంచి పదో ఏటి దాకా. పిల్లాడికి అక్షరం ఎంత బరువో అందుకే గుర్తుందేమో.

రాసిన సంగతి ఇంకా విచిత్రం. ఆ నీటిపాప సంగతి నాకెప్పుడూ కచ్చితంగా తేలలేదన్నాడు. నీళ్లలో పాపలను చూశాను, సీసాల్లో పాపలను చూశాను. నీళ్లలో ఉన్నది సీసాలో లేదు, సీసాలో ఉన్నది నీళ్లలో లేదు అన్నాడు. శరీర నిర్మాణ శాస్త్రం చదివిన మనిషి కదా, రెండో రకం పాపలనూ చూసే ఉంటాడు! కథ రాసిన మిత్రుడు చాలా మంచివాడు, తెలివైనవాడు, తనకు కనిపించినంత నాకూ కనిపిస్తుందనుకున్నాడేమో అన్నాడు. ఒకే వస్తువులో కొందరికి చాలా కనిపిస్తుంది, కొందరికి కొంచెమే. పెద్దయ్యాక నువ్వు చాలా చూసేవాళ్లలో ఒకడివవుతావేమో అన్నాడు. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. తెలియనిదాన్ని తెలియదనే ఒప్పుకునేవాడు అనే అర్థంలో 'అగ్నోస్టిక్' అనే మాటను 1869లో పుట్టించిన మనిషి నాలుగేళ్ల పిల్లాడి దగ్గర కూడా మాట మార్చలేదు.

ఆ బొమ్మలోని రెండో పెద్దమనిషి, శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్‌కూ ఈయనకూ ఉప్పూనిప్పూ. మనిషి మెదడులో ఉండే హిప్పోక్యాంపస్ మైనర్ అనే భాగం కోతులకు ఉందా లేదా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఆ గొడవనే కింగ్స్‌లీ హిప్పోపొటమస్, అంటే నీటి ఏనుగు, పేరు కలిపి తన కథలో వెక్కిరించాడు. మనవడికి రాసిన జవాబులో ఆ పాత కక్ష ఛాయ కూడా లేదు. మనమైతే మనవడి భుజం మీద తుపాకీ పెట్టి నాలుగు పేల్చేవాళ్లం.

తమరికి రుచించని సంగతి ఇంకొకటి. 1860లో హక్స్‌లీ పెద్ద కొడుకు నోయెల్ నాలుగేళ్లు నిండకుండానే స్కార్లెట్ ఫీవర్‌తో పోయాడు. ఓదారుస్తూ రాసినవాళ్లలో మతగురువైన ఈ కింగ్స్‌లీ ఒకడు. ఊరట కలుగుతుంది కదా అని నిరూపణ లేని పరలోకాన్ని నమ్మలేనని ఆయనకు హక్స్‌లీ పెద్ద జవాబు రాశాడు. గుండె పగిలి ఉన్నప్పుడు కూడా తెలియని దాన్ని తెలుసు అనని మనిషి. ముప్పై రెండేళ్ల తర్వాత ఇంచుమించు నోయెల్ వయసు పిల్లవాడే నీటిపాప గురించి అడిగితే అదే నిజాయితీని చిన్న మాటల్లో పెట్టాడు. ఆ పూట ఈస్ట్‌బోర్న్‌లో తమరికి చోటు దొరకలేదు.

దిగులు పడకండి. ఆనాటి విక్టోరియా రాణిగారి రాజ్యంలో తమరికి వేరే కోటలు చాలానే ఉన్నాయి. పెద్దలు పిల్లలకు రాసేవే కాదు, పిల్లలు పెద్దలకు రాసేవాటిలోనూ తమరు దూరారు. 1882 డిసెంబరులో ఎనిమిదేళ్ల విన్‌స్టన్ చర్చిల్, కొత్తగా చేరిన బోర్డింగు స్కూలు నుంచి, బడిలో చాలా సంతోషంగా ఉన్నానని అమ్మకు రాశాడు. పెద్దయ్యాక ఆత్మకథలో అదే బడిలో బెత్తం దెబ్బల గురించి, సెలవుల కోసం రోజులూ గంటలూ లెక్కపెట్టడం గురించి రాసుకున్నాడు. నాకిందులో ఆశ్చర్యమేమీ లేదు. మా హాస్టల్లో ఉత్తరాలు కవరు అంటించకుండా ఇమ్మనేవారు. పప్పులో పురుగులు ఏరుకుంటూనే "భోజనం బహు బాగుంది" అని ఇంటికి రాసేవాణ్ణి. తమరి కొలువులో అదే నా మొదటి ఉద్యోగం.

ఇక జూలియన్. ఇంటి లాన్ తడిగా ఉంది, దిగొద్దు అని తాత అంటే, సూటిగా ఆయన కళ్లలోకి చూసి మరీ గడ్డిలోకి నడిచిన ఘటం. కళ్లలోకి చూస్తూ మాట కాదనే ఆ తీరు నచ్చిందని తాత మురిసిపోయాడట. ఆ మురిపెం ఊరికే పోలేదు. పరిణామమూ నీతీ అనే విషయం మీద 1893లో తాత ఆక్స్‌ఫర్డ్‌లో రోమేన్స్ ఉపన్యాసం ఇచ్చాడు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1943లో, అదే వేదిక మీద అదే విషయం ఎత్తుకుని మనవడు ఆయనతో విభేదించాడు. అది విని తిరిగి కొట్లాడటానికి అప్పటికి తాత లేడు.

చాలా చూసేవాడివవుతావన్న మాట ఫలించిందా అంటే, జంతుశాస్త్రవేత్త అయ్యాడు, యునెస్కోకు తొలి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. అన్నీ సరిగ్గానే చూశాడని నేననను. ఎవరు పిల్లల్ని కనాలో ఎంచి మనుషుల జాతిని మెరుగుపరచాలనే యూజెనిక్స్ సంఘానికి అధ్యక్షుడిగా ఉండటం నాకిప్పటికీ మింగుడుపడదు. అయితే 1953లో, శాస్త్రాన్ని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పినందుకు కళింగ బహుమతి అందుకున్నాడు. బిజూ పట్నాయక్ ఇచ్చిన నిధితో యునెస్కో ఇచ్చే బహుమతి. మాది శ్రీకాకుళం జిల్లా, ఒకనాటి కళింగమే కనుక అందులో కాస్త మా వాటా కూడా ఉందని చెప్పుకుంటాను.

ఈ రాజీనామా ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు మనవి చేస్తాను. మా అమ్మాయి కొడుక్కి ఏడేళ్లు, డల్లాస్‌లో ఉంటాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మా పెరటి నూతిలో తాబేలు ఉండేదని వాళ్లమ్మ చెప్పిందట. బొమ్మ గీసి, దాని కింద ఇంగ్లీషులో రెండు వరుసలు రాసి పంపాడు. తాతయ్యా, తాబేలు ఇంకా ఉందా? దానికి బయటికి రావాలని ఉంటుందా?

నేను తమరి శిష్యుణ్ణి కదా. గొలుసుకట్టు తెలుగులో నాలుగు పేజీలు దంచాను. శ్రీకూర్మం క్షేత్ర మహిమతో ఎత్తుకుని, మందర పర్వతం, క్షీరసాగర మథనం మీదుగా లెక్కల్లో మార్కుల దాకా వచ్చాను. వీడియో కాల్లో మా అమ్మాయి చదివి వినిపించింది. రెండో పేజీ సగంలోనే వాడు లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "తాతయ్య ఏమన్నారు?" అని అడిగాడు.

"బాగా చదువుకోమన్నారు."

"తాబేలు?"

నిన్న మధ్యాహ్నం రూళ్ల పుస్తకంలో కాగితం చింపి, వాడికొచ్చిన ఇంగ్లీషులోనే, పెద్ద బడి అక్షరాలు విడివిడిగా పెట్టుకుంటూ ఐదు వాక్యాలు రాశాను. చెయ్యి వణికింది, రెండు కాగితాలు పాడయ్యాయి. మీ అమ్మ పెళ్లికి ముందు తాబేలును చూశాను. తర్వాత నూతి మీద రేకు వేశాం. ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. దానికి బయటికి రావాలని ఉందో లేదో అప్పుడు కూడా తెలియలేదు. నువ్వొచ్చాక రేకు తీసి ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
తమరి మాజీ విధేయుడు

తా.క.: బ్యాంకువారికి జవాబు మాత్రం తమరి పద్ధతిలోనే రాశాను. ఆరు పేజీలయింది.