పది రూపాయలు దాటని నిధి

గుప్తనిధి మీద మనకున్న నమ్మకాన్ని మూఢనమ్మకమని తేలికగా కొట్టిపారేసేవారు ఆ రంగంలో జరిగిన ప్రగతిని గమనించడం లేదని విన్నవించుకోవలసి వస్తోంది. పూర్వం గోదావరి జిల్లాల్లో లంకెబిందెల ఆచూకీ తెలియాలంటే అమావాస్య కావాలి, తమలపాకు కావాలి, ఆ ఆకుకు పూయడానికి అంజనం కావాలి, అందులోకి చూసి చెప్పడానికి ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి కావాలి. ఇవన్నీ సమకూర్చుకునేసరికి ఉన్న అరెకరం కాస్తా తాకట్టులోకి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆ అవస్థ లేదు. ఫోనులో నొక్కితే నాలుగు రోజుల్లో మెటల్ డిటెక్టర్ అట్టపెట్టెలో గుమ్మం ముందుకు వస్తుంది, సొమ్ము నెలవాయిదాల్లో కట్టుకోవచ్చు, కొనేవాడు ఏ వైపు నుంచి పుట్టాడో ఎవరూ అడగరు.

ఆ పెట్టె విప్పినవారిని ఇప్పుడు పేరుపాలెం నుంచి అంతర్వేది మీదుగా ఓడలరేవు వరకు ఏ ఇసుకతిన్నె మీదనైనా చూడవచ్చు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో చివర పళ్లెం బిగించిన కర్ర, నడుముకు సంచి, సంచిలో చిన్న పార. వీరు మాటలాడరు, సముద్రం వైపు చూడరు, పక్కన పిల్లలు కెరటాల్లో కేరింతలు కొడుతున్నా తల ఎత్తరు. ఇంట్లో కొబ్బరికాయల లెక్క చూడమంటే నడుము నొప్పి అనే పెద్దమనుషులు ఇక్కడ పూటంతా వంగి తవ్వుతున్నారంటే, దీనిని ఆరోగ్యశాఖ ఇంకా ఎందుకు గుర్తించలేదో నాకు అర్థం కాదు.

వీరి తర్కంలో లోపమేమీ లేదు. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు పాలకొల్లులో స్థావరం పెట్టారు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు బట్టల వ్యాపారం చేశారు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది. ఓడలు కట్టిన కోరంగి రేవును 1839 తుఫాను ఊడ్చిపెట్టింది. ఇంతమంది వర్తకులు ఇంతకాలం తిరిగిన నేల మీద ఎవరి జేబు నుంచి ఒక్క నాణెమైనా జారకుండా ఉంటుందా అన్నది ప్రశ్న. ఇంకా వెనక్కి వెళితే రాజమహేంద్రవరం నుంచి ఏలిన తూర్పు చాళుక్యులున్నారు. శక్తివర్మ పేరుతో, వరాహ లాంఛనంతో వేసిన బంగారు నాణేలు సాక్షాత్తూ దొరికాయి కూడా. అయితే దొరికింది బంగాళాఖాతం అవతల, బర్మాలోని అరకానులోనూ ఇప్పుడు థాయ్‌లాండ్ అంటున్న సయాములోనూ. మన బంగారం మన దగ్గర నిలవదన్న విషయం వెయ్యేళ్ల కిందటే రుజువైందన్నమాట.

గోదావరి చేసే పని ఒకటి మాత్రం అన్వేషకులు లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ డెల్టా అంతా నది తెచ్చిపోసిన ఒండ్రు. వేల ఏళ్లుగా ఏటేటా వరద వచ్చి ఒక పొర వేసి పోతూనే ఉంది. శక్తివర్మ కాలంలో పడిపోయిన బంగారు మాడ ఒకటి కోనసీమలో ఉన్నదే అనుకున్నా, అది ఎన్ని పొరల కింద నిద్రపోతున్నదో ఊహించుకోవలసిందే. మామూలు డిటెక్టరు ఒక నాణేన్ని జానెడు లోతులో పసిగడుతుంది, మంచి యంత్రమైతే అడుగు. అంటే చాళుక్యుల బంగారానికీ యంత్రానికీ మధ్య ఉన్న దూరం మనుషులు దాటగలిగింది కాదు. యంత్రానికి అందే ఆ అడుగు మేర నేలలో ఉన్నది మనం, మన నాన్నలు, మహా అయితే మన తాతలు పారేసినది.

ఆ పారేసినది ఏమిటో యంత్రం పొల్లు పోకుండా చెబుతుంది. పళ్లెంలోని తీగచుట్ట ఒక అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దారిలో లోహం తగిలితే అందులో విద్యుత్తు సుళ్లు తిరుగుతూ ప్రవహిస్తుంది. ఆ సుళ్లు తిరిగి పంపే జవాబును, అది ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, యంత్రం తెర మీద ఒక అంకె వేస్తుంది. ఇనుముకు చిన్న అంకె, రాగికీ వెండికీ పెద్ద అంకె. ఇక్కడే విజ్ఞానశాస్త్రం మన సంస్కృతితో తలపడి ఓడిపోయింది. క్వార్టరు సీసాకు బిగించే అల్యూమినియం మూత కూడా ఇంచుమించు ఆ పెద్ద అంకెనే చూపిస్తుంది. అంకె కనిపించగానే అన్వేషకుడి మొహం వెలుగుతుంది. మోకాళ్ల మీద కూర్చుంటాడు. పారతో గుండ్రంగా కోస్తాడు. మట్టిగడ్డను అరచేతిలోకి తీసుకొని బొటనవేలితో నెమ్మదిగా పాముతాడు. పచ్చటి అంచు, మీద ఏవో అక్షరాలు. రాజముద్రే అనుకుంటాడు. ఇంకొంచెం పామితే మద్యం హానికరమన్న హెచ్చరిక బయటపడుతుంది.

సముద్రం ఒడ్డున కష్టాలు వేరు. ఉప్పునీటికి తడిసిన ఇసుక తనే విద్యుత్తును మోస్తుంది కాబట్టి కెరటం అంచున యంత్రం ఉత్తినే మోగుతూ ఉంటుంది. దానికి తోడు మన తీరంలో నల్ల ఇసుక ఉన్నది. అందులోని ఇల్మనైటు, మాగ్నటైటు అనే ఇనుప ఖనిజాలు యంత్రాన్ని అక్షరాలా పిచ్చెక్కిస్తాయి. ఈ బాధ కొత్తది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తుపాకి గుండును వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ అంతటివాడు ఇలాంటి యంత్రమే చేసి తెస్తే, మంచం పరుపులోని ఇనుప స్ప్రింగులు అడ్డుపడ్డాయి. బెల్‌కే దొరకనిది మన ఓడలరేవు వాయిదాదారుకు దొరకలేదని ఎగతాళి చేయడం ధర్మం కాదు.

అంతర్వేదిలో ఒక సంభాషణ విన్నాను. పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఇసుకలో యంత్రం ఊపుతూ నడుస్తుంటే, వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు చాలాసేపు చూసి జాలిపడ్డాడు.

“ఏం పారేసుకున్నారండి మాస్టారూ, ఉంగరవా?”

“నేనేమీ పారేసుకోలేదయ్యా. పాత నాణేలు వెతుకుతున్నాను.”

“ఎవరు పారేసుకున్నయ్యండి?”

“డచ్చివాళ్లు.”

“మరి ఆళ్లు రాలేదాండి, ఎతుక్కోడానికి?”

మాస్టారు హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకున్నారు. ఈ మత్స్యకారుల ఎగతాళిని మరీ మనసుకు పట్టించుకోనక్కరలేదు. 2020లో నివర్ తుఫాను వెళ్లాక ఉప్పాడ ఒడ్డున ఇసుకలో బంగారపు రేణువులు కనిపించాయని తెలిసి ఊరు ఊరంతా వంగి చేతులతో వెతికింది వారే. కాకపోతే ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి ఇళ్లనూ గుళ్లనూ మింగుతున్నది, ఆ మునిగిన ఇళ్లలో వాళ్ల ఇళ్లూ ఉన్నాయి. అక్కడ పారేసుకున్నవాళ్లే వెతుక్కున్నారు. వాళ్లకు యంత్రం అవసరం రాలేదు.

పార్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మన పట్టణాల్లో పార్కు అంటే చాలాచోట్ల ఒకప్పటి చెరువు, దాన్ని ఊరి చెత్తతో పూడ్చి, పైన గడ్డి పరిచి, ఒక బల్ల వేసి, ఆ బల్ల మీద దాత పేరు రాయించినది. అక్కడ యంత్రం ఆన్ చేస్తే ఇక ఆగదు. పిన్నీసులు, మేకులు, పట్టీల నుంచి ఊడిన గజ్జెలు, పాతకాలపు అల్యూమినియం మూడు పైసల బిళ్లలు. ఎప్పుడో అదృష్టం పండితే 1943 నుంచి కొన్నేళ్లపాటు వేసిన చిల్లు కాణీ. ఆ రోజుల్లోనే దాన్ని మొలతాడుకు కట్టుకోవడానికి తప్ప ఎక్కువగా లెక్కచేయలేదు.

నదికి మాత్రం మనం బాకీ ఉంచలేదు. రాజమండ్రిలో రైలు గోదావరి వంతెన ఎక్కగానే పెట్టె మొత్తం కిటికీల వైపు లేచి, దండం పెట్టి, చిల్లర విసిరే దృశ్యం చూసిన విదేశీయుడు ఎవరైనా ఉంటే మనది చిల్లర సమస్య లేని దేశమని రాసుకుని ఉంటాడు. పూర్వులు రాగి నాణేలు వేసేవారని, రాగి నీటిని శుద్ధి చేస్తుందని, అదంతా మహావిజ్ఞానమని వాట్సాప్‌లో ప్రతి పుష్కరానికీ ఒక వ్యాసం తిరుగుతుంది. ఇప్పుడు మనం వేసే రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు, ఇనుము 83 శాతం, క్రోమియం 17 శాతం. ఇది నీటిని ఎలా శుద్ధి చేస్తుందో ఆ వ్యాసకర్తలు 2027 పుష్కరాల లోపు తేల్చి చెబుతారని ఆశిస్తున్నాను. ఇది అయస్కాంతానికి అంటుకుంటుంది మాత్రం నిజం. రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి విసిరి లాగితే రూపాయలు వేలాడుతూ వస్తాయి. రాగి, వెండి, సీసం అంటుకోవు. అందుచేత నిన్నటి భక్తి అయస్కాంతానికీ, మొన్నటి భక్తి డిటెక్టరుకూ దక్కేటట్టు పంపకం జరిగిపోయింది. ఇద్దరిలో లాభం కనిపిస్తున్నది తాడు ఉన్న పిల్లవాడికే. అతని పెట్టుబడి పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం, పైగా అతనికి దొరికింది దుకాణంలో చెల్లుతుంది.

నిజమైన సంపద కావాలంటే యంత్రం కూడా అక్కరలేదని చెప్పే నిపుణులు మన జిల్లాల్లో వేరే ఉన్నారు. వారు మీ ఇంటికే వచ్చి, పిడుగు పడి మహత్యం వచ్చిన రాగి బిళ్ల చూపిస్తారు. అది బియ్యపు గింజలను లాగుతుందంటారు, అందులో ఇరీడియం అనే అరుదైన లోహం ఉందంటారు, నాసా కోట్లు పెట్టి కొంటుందంటారు, ముందు పరీక్ష ఖర్చులకు కొంత కావాలంటారు. దీనికి రైస్ పుల్లింగ్ అని పేరు. బిళ్ల మీద సాధారణంగా ఈస్టిండియా కంపెనీ, 1818, వెనుక వైపు హనుమంతుడు ఉంటారు. లాభం తప్ప దేనికీ దండం పెట్టని ఆ కంపెనీ అలాంటి నాణేన్ని ఎన్నడూ ముద్రించలేదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడి చేసే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లో ప్రకటన చేసి చెప్పుకోవలసి వచ్చింది. ఈ నిపుణులతో పోలిస్తే ఎండలో యంత్రం ఊపేవాడు మహానుభావుడు. తన సొమ్ము తనే పోగొట్టుకుంటున్నాడు, మధ్యలో ఇంకొకడు లేడు.

ఇంగ్లండు ఉదాహరణ మన అన్వేషకులు తరచు ఎత్తుతారు. నిజమే, 1992లో హాక్సెన్ అనే ఊళ్లో ఒకాయన స్నేహితుడు పోగొట్టుకున్న సుత్తిని డిటెక్టరుతో వెతకబోతే రోమనుల కాలపు 14,865 నాణేలు బయటపడ్డాయి. ఆయన పెకలించి ఇంటికి మోసుకుపోకుండా అధికారులకు కబురు పెట్టాడు. పదిహేడున్నర లక్షల పౌన్ల బహుమానం వస్తే పొలం రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, దాన్ని కూడా మ్యూజియంలో పెట్టారు. ఈ కథలో మనవాళ్లు పౌన్ల దగ్గర ఆగిపోతారు, కబురు పెట్టిన దగ్గర ఆగరు.

మన చట్టం కబురు దగ్గరే మొదలవుతుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్నది ఏదైనా సరే, విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుగారికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి, ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి లేదా హామీ ఇవ్వాలి. తెలియజేయకపోతే ఏడాది దాకా జైలు. విక్టోరియా రాణిగారి కాలంలో పది రూపాయలంటే చెప్పుకోదగిన మొత్తమే. ఇప్పుడు అది రావులపాలెం బస్‌స్టాండులో టీ. ప్రభుత్వం ఆ అంకెను అలాగే ఉంచింది. దీనివల్ల కలిగే సౌకర్యం ఒకటుంది: ఇసుకలో పది రూపాయల నాణెం దొరికిందనుకోండి, దాని విలువ పది రూపాయలు దాటదు కాబట్టి కలెక్టరుగారికి చెప్పనక్కరలేదు. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పినా మన కిరాణా కొట్టాయన తీసుకోడు కాబట్టి, దాన్ని మళ్లీ ఇసుకలోనే పూడ్చి రావచ్చు. ఇక దొరికింది నిజంగా నూరేళ్లు దాటిన నాణెమైతే 1972 పురావస్తువుల చట్టం కూడా తోడవుతుంది. రక్షిత కట్టడాల పరిధిలో అయితే పార ఆనించడానికే వీల్లేదు. నిధి చట్టం కింద ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది, అంటే బరువుకు ధర. చరిత్రకు విడిగా ఏమీ కట్టరు.

ఈ నేపథ్యంలో మన అంతర్వేది మాస్టారు చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించదలచారు. ఆయన సంచిలో పోగైనవి క్వార్టరు సీసా మూతలే అయినా, నేలలో దాగి ఉన్నవి కావడం నిజం. పాతసామాన్లవాడు కాటా వేసి చెప్పిన ధర పది రూపాయలు దాటడం నిజం. కాబట్టి నాలుగో సెక్షను కింద అర్జీ తయారుచేసి, రాత బాగుందని నా చేత ఒకసారి చదివించారు. వస్తువు స్వభావం: అల్యూమినియం. పరిమాణం: సంచెడు. దొరికిన స్థలం: సముద్రపు ఒడ్డు, సరుగుడు తోట పక్కన, కుర్రాళ్లు సాయంత్రాలు కూర్చునే చోటు. తేదీ కూడా వేశారు. ఇక కలెక్టరుగారు ప్రకటన వేసి, హక్కుదారులెవరైనా ఉంటే నాలుగు నెలలు దాటాక, ఆరు నెలల లోపు, స్వయంగానో ఏజెంటు ద్వారానో హాజరు కావాలని పిలవాలి. వందేళ్ల లోపు దాచిన నిధి కాబట్టి, దాచినది తామేనని చెప్పుకునేవారు సివిల్ కోర్టుకు వెళ్లి నిరూపించుకోవలసి ఉంటుంది. ఆ మూతలు ఎవరివో ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. దావాకు సాక్షుల కొరత లేదు, వాది దొరకడమే కష్టం.